నల్లగొండ నుంచి జర్మనీకి కుక్కను తీసుకువెళ్లాలి: చిప్పు, టీకా, రక్తపరీక్ష ఏ వరుసలో చేయించాలి?

గడియారం సెంటర్ | నల్లగొండ | జూన్ 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా ఆయన స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. నాకు వీసా వచ్చింది. అక్టోబరు 10కి హైదరాబాద్ నుంచి టికెట్ తీసుకున్నాం. మా ఇంట్లో టైగర్ ఉంది. పేరుకే టైగర్, గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి కనిపిస్తే మంచం కింద దూరుతుంది. విదేశీ జాతి కాదు, మన వీధి కుక్కే. నాలుగేళ్ల వయసు, పద్దెనిమిది కిలోల బరువు. ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాం, కార్డు ఉంది. చర్మం కింద వేసే గుర్తింపు మైక్రోచిప్ మాత్రం లేదు.

హైదరాబాద్‌లో ఇద్దరు ఏజెంట్లను అడిగాను. ఒకరు పదిహేను రోజుల్లో పంపిస్తామన్నారు, ఇంకొకరు కనీసం ఆరు నెలలు పడుతుందన్నారు. ఇద్దరూ చెప్పిన డబ్బు మాత్రం దాదాపు ఒకటే! అసలు నియమం ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

నార్కట్‌పల్లి బైపాస్ | జూన్ 14, రాత్రి 9:41

పదిహేను రోజులన్నవారికి అడ్వాన్స్ ఇవ్వకండి అక్కా. మా బావమరిది స్నేహితుడు అలాగే ఇచ్చి, తర్వాత ఫోను ఎత్తేవాళ్లు లేక తిరిగాడు. మన వేదికలో వనపర్తి డాక్టరు గారు ఉన్నారు, ఆయన చూస్తే పూర్తిగా చెబుతారు.

రిటైర్డ్ పశువైద్యుడు | వనపర్తి | జూన్ 15, ఉదయం 6:05

అమ్మా, ఆ ఇద్దరు ఏజెంట్ల మాట పక్కన పెట్టండి. మీరు అడిగింది వరుస కాబట్టి వరుసే చెబుతాను. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు మైక్రోచిప్. ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాలకు సరిపోయే పదిహేను అంకెల చిప్పే వేయించాలి. వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి రీడర్ పరికరంతో చదివించి, తెర మీద కనిపించిన నంబరును మీరే స్వయంగా కాగితం మీద రాసుకోండి. చిప్పు వేసిన తర్వాతే రేబిస్ టీకా. అదే రోజు వేయించవచ్చు, కానీ చిప్పు ముందు పడాలి. ఎందుకంటే యూరప్ వాళ్ల దృష్టిలో చిప్పు లేని జంతువుకు వేసిన టీకా ఏ జంతువుకు వేశారో రుజువు లేని టీకా. నాలుగేళ్లుగా మీరు వేయించినవన్నీ టైగర్ ఒంటికి మేలు చేశాయి, కాగితం మీద మాత్రం వాటికి విలువ లేదు. కాబట్టి చిప్పు వేయించి మళ్లీ టీకా వేయించాలి. దాన్నే మొదటి టీకాగా లెక్కిస్తారు.

టీకా వేసిన కనీసం 30 రోజుల తర్వాత రక్తం తీయాలి. రేబిస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నట్లు యూరోపియన్ యూనియన్ గుర్తించిన ప్రయోగశాల ధ్రువీకరించాలి. దీన్నే అందరూ టైటర్ పరీక్ష అంటారు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాకే కుక్క యూరప్‌లో అడుగుపెట్టాలి. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు, రక్తం తీసిన రోజు నుంచి. భారతదేశం వాళ్ల సురక్షిత దేశాల జాబితాలో లేదు కాబట్టి మనకు ఈ మూడు నెలల నిరీక్షణ తప్పదు. జపాన్, అమెరికా లాంటి జాబితా దేశాల నుంచి వెళ్లేవారికి ఈ పరీక్షే అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క వేయండి. జూన్ 20న చిప్పు, టీకా అయ్యాయనుకుందాం. రక్తం జూలై 20న. అక్కడి నుంచి మూడు నెలలంటే అక్టోబరు 20. మీ టికెట్ పదో తేదీకి. ఎంత తొందరపడినా ఆ విమానంలో టైగర్ ఎక్కదు.

గడియారం సెంటర్ | నల్లగొండ | జూన్ 15, ఉదయం 7:30

డాక్టరు గారూ, ధన్యవాదాలు. చదివాక కాసేపు ఏమీ తోచలేదు. నేను పదో తేదీకే వెళ్లి, కుక్కను నెలాఖరులో మా తమ్ముడు తీసుకురావచ్చా? నేను అక్టోబరు 15న ఉద్యోగంలో చేరాలి, టికెట్ వాయిదా వేయడం కష్టం.

రిటైర్డ్ పశువైద్యుడు | వనపర్తి | జూన్ 15, ఉదయం 8:10

తీసుకురావచ్చు, కానీ అందులో ఒక మెలిక ఉంది. యజమాని ప్రయాణానికి ముందో వెనకో అయిదు రోజుల లోపు కుక్క ప్రయాణిస్తేనే దాన్ని ఇంటి పెంపుడు జంతువుగా చూస్తారు. మీరు రాసిచ్చిన అనుమతితో మీ తమ్ముడు వెంట రావచ్చు, ఆ అయిదు రోజుల గడువు మాత్రం మారదు. అది దాటితే వాణిజ్య రవాణా నిబంధనలు వర్తిస్తాయి. వాటి కాగితాలు వేరు, తనిఖీ వేరు, ఖర్చు వేరు. అక్టోబరు 10కి, 20కి మధ్య పది రోజులు ఉన్నాయి.

మిర్యాలగూడ రైస్ మిల్లు | జూన్ 15, మధ్యాహ్నం 1:15

ఎవరూ ఏమీ అనుకోకండి, ఒక మాట అడుగుతాను. వీధి కుక్కకు జర్మనీ ఎందుకు? ఇక్కడ అమ్మానాన్నలు ఉంటే వాళ్ల దగ్గర వదిలిపెట్టండి. ఇంత ఆవరణ, ఎండలో పడుకునే అరుగు, వాసన చూసుకుంటూ తిరిగే వీధి అన్నీ ఉన్నాయి దానికి. అక్కడ మూడో అంతస్తు ఫ్లాటులో కట్టేస్తారు. మీ ప్రేమ కోసమా, దాని సుఖం కోసమా?

పిల్లలమర్రి నీడ | ఐండ్‌హోవెన్, ఊరు మహబూబ్‌నగర్ | జూన్ 15, మధ్యాహ్నం 3:50

రైస్ మిల్లు గారూ, మీ ప్రశ్న తప్పు కాదు. మా పిల్లి బుజ్జిని నెదర్లాండ్స్ తెచ్చేటప్పుడు మా అత్తయ్య కూడా ఇదే అడిగారు. అయితే కుక్కల్లో రెండు రకాలు ఉంటాయి. కొన్ని ఊరివి, కొన్ని మనిషివి. సిలిండర్ అబ్బాయికే మంచం కింద దూరే కుక్క వీధిలో ఎంత సుఖపడుతుందో నాకైతే అనుమానమే. ఇక్కడ పార్కుల్లో కుక్కల కోసం వేరే కంచె వేసి ఉంటుంది, బస్సుల్లో రైళ్లలో ఎక్కనిస్తారు. జర్మనీలో అయితే మున్సిపాలిటీకి కుక్క పన్ను కడతారు, దానికి లెక్కాపత్రం ఉంటుంది.

అక్కా, మీకు పనికొచ్చే విషయాలు చెబుతాను. పిల్లులకూ కుక్కలకూ యూరప్ నిబంధనలు ఒకటే, కాబట్టి మేమూ ఇదే దారిలో నడిచాం.

ఒకటి, చిప్పు. మహబూబ్‌నగర్‌లో గొర్రెలకు, బర్రెలకు వైద్యం దొరికినంత సులువుగా చిప్పు దొరకదు. చెవికి వేసే ట్యాగు చాలదా అని అడిగినవారు కూడా ఉన్నారు. ముందే ఫోను చేసి, ఐఎస్ఓ చిప్పు ఉందా, రీడర్ ఉందా అని రెండూ అడగండి. చిప్పు ఉండి రీడర్ లేని చోట వేయించుకోవద్దు.

రెండు, టీకా కార్డు. టీకా పేరు, తయారీ కంపెనీ, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, ఎప్పటివరకు పనిచేస్తుందో ఆ తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర అన్నీ ఉండాలి. సీసా మీది స్టిక్కరు కార్డుకు అంటించమని నిలబడి అడగండి. వాళ్లు విసుక్కుంటారు, అయినా అడగండి.

మూడు, రక్తం నమూనా. రక్తం తీసిన వెంటనే సీరం, అంటే రక్తంలోని తేట ద్రవం, వేరుచేసి చల్లగా పంపాలి. జిల్లా కేంద్రంలో తీయించి బస్సులో హైదరాబాద్ పంపేకన్నా, ఆ పని అలవాటైన ఆసుపత్రికి జంతువునే తీసుకువెళ్లడం మేలు. నమూనా పత్రం మీద చిప్పు నంబరు రాసేటప్పుడు పక్కనే ఉండండి. పదిహేను అంకెల్లో ఒక్కటి తారుమారైనా రిపోర్టు ఇంకెవరి కుక్కదో అవుతుంది.

నార్కట్‌పల్లి బైపాస్ | జూన్ 15, సాయంత్రం 6:02

జూలై 6న ప్రపంచ జంతుసంక్రమిత వ్యాధుల దినం కదా, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అప్పటిదాకా ఆగితే టీకా ఖర్చు మిగులుతుంది కదా?

రిటైర్డ్ పశువైద్యుడు | వనపర్తి | జూన్ 15, రాత్రి 8:25

బైపాస్ గారూ, టీకా ఖర్చు మిగులుతుంది, రెండు వారాలు పోతాయి. 1885లో అదే తేదీన పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు కాబట్టి ఆ రోజును ఎంచుకున్నారు. శిబిరంలో వేసేది మంచి టీకాయే, నేనూ సర్వీసులో ఉన్నంతకాలం వేల కుక్కలకు వేశాను. కానీ అక్కడ క్యూలో వంద కుక్కలు, ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతూ ఉంటాయి. స్టిక్కరు అంటించి, గడువు తేదీ రాసి, ముద్ర వేసే తీరిక ఎవరికి ఉంటుంది? విదేశానికి వెళ్లే జంతువుకు మాత్రం శిబిరంలో వద్దు. వీధిలో తిరిగే మిగతా కుక్కలన్నిటినీ తప్పకుండా తీసుకువెళ్లండి.

టైటర్ గురించి ఇంకొక మాట. 30 రోజులు దాటాక మరీ ఆలస్యం చేయకండి. టీకా వేసిన నాలుగు నుంచి ఆరు వారాల మధ్య ప్రతిరక్షకాలు బాగా పైకి వెళతాయి, తర్వాత మెల్లగా దిగుతాయి. టైగర్‌కు ఇదివరకే ఏటా టీకాలు పడ్డాయి కాబట్టి 0.5 దాటడం కష్టం కాదు. ఒకే ఒక్క డోసు పడిన చిన్న కుక్కపిల్లల విషయంలోనే ఒక్కోసారి తక్కువ వస్తుంది. కాగితం మీద లెక్కకు రాని పాత టీకాలు ఇక్కడ పనికొస్తాయి.

ఇంకా ముఖ్యమైనది: పరీక్ష ఒకసారి గట్టెక్కితే, ఆ తర్వాత బూస్టర్లను ఒక్క రోజు కూడా గడువు దాటకుండా వేయిస్తూ ఉంటే, యూరప్‌కు మళ్లీ టైటర్ అక్కర్లేదు. గడువు దాటిందా, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

డాలస్ పాలమూరు | జూన్ 16, ఉదయం 5:30

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, వేరే చర్చ తెరవడం ఎందుకని ఇక్కడే అడుగుతున్నాను. అమ్మానాన్నలు జడ్చర్ల నుంచి ఆరు నెలలకు మా దగ్గరికి వస్తున్నారు. వాళ్లకు పొమేరేనియన్ ఉంది, దాన్ని వదిలి రామంటున్నారు. అమెరికాకు ఈ మూడు నెలల నిరీక్షణ లేదని విన్నాను, నిజమేనా?

రిటైర్డ్ పశువైద్యుడు | వనపర్తి | జూన్ 16, ఉదయం 7:15

మూడు నెలలు లేదు, నిజమే. కానీ సులువనుకోవద్దు. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిబంధనలు మారాయి. కుక్కల రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారతదేశం ఉంది. కుక్కకు కనీసం ఆరు నెలల వయసు ఉండాలి. చిప్పు, దాని తర్వాత టీకా. టీకా, చిప్పు వివరాలతో సీడీసీ సూచించిన ధ్రువపత్రాన్ని మన డాక్టరు నింపి, ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం చేయాలి. సీడీసీ గుర్తించిన ప్రయోగశాలలో టైటర్ పరీక్ష జరగాలి. రక్తం తీసేది మొదటి టీకాకు 30 రోజుల తర్వాత, అమెరికాలో దిగడానికి కనీసం 28 రోజుల ముందు. ఆ రిపోర్టు లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్, సొంత ఖర్చు మీద.

అన్నీ ఉన్నా, సీడీసీ దగ్గర నమోదైన జంతు సంరక్షణ కేంద్రంలో ముందే చోటు బుక్ చేయాలి. ఆ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే కుక్క దిగాలి. అక్కడ పరీక్ష చేసి మళ్లీ టీకా వేస్తారు. అలాంటి విమానాశ్రయాలు కొన్నే ఉన్నాయి: న్యూయార్క్ జేఎఫ్‌కే, అట్లాంటా, లాస్ ఏంజెలిస్ వంటివి. మీ డాలస్ అందులో లేదు. పెద్దవాళ్లు అట్లాంటాలో దిగి, కుక్కను కేంద్రానికి అప్పగించి, తిరిగి తీసుకుని, ఇంకో విమానం ఎక్కాలి.

నన్ను అడిగితే, ఆరు నెలల కోసం ఆ పొమేరేనియన్‌ను తీసుకువెళ్లవద్దు. రానూ పోనూ ఖర్చుతో ఇక్కడ దాన్ని చూసుకోవడానికి మంచి మనిషిని పెట్టవచ్చు. రైస్ మిల్లు గారి మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

డాలస్ పాలమూరు | జూన్ 16, ఉదయం 7:52

అట్లాంటా మాట వినగానే నాన్న "ఇక్కడే ఉంటాను, మీ అమ్మ ఒక్కతే వస్తుంది" అన్నారు. ఇప్పుడు ఇంట్లో ఆ పంచాయితీ నడుస్తోంది.

పిల్లి అయితే ఎలా ఉంటుందో కూడా చెబుతారా? ఇక్కడ మా పక్కింటివాళ్లు అడుగుతున్నారు.

రిటైర్డ్ పశువైద్యుడు | వనపర్తి | జూన్ 16, ఉదయం 8:20

పిల్లులకు ఈ సీడీసీ కుక్కల నిబంధనలు వర్తించవు, రేబిస్ పత్రం కూడా సీడీసీ అడగదు. వెళ్లే రాష్ట్రం, ఎక్కే విమాన సంస్థ అడగవచ్చు. టీకా ఎలాగూ వేయించండి.

ఇంకొకటి మీకు పనికొస్తుంది. అక్కడి నుంచి కుక్కతో ఇండియా వచ్చి తిరిగి వెళ్లాలనుకునేవారు బయలుదేరే ముందే, అక్కడ వేసిన టీకాకు యూఎస్‌డీఏ, అంటే అమెరికా వ్యవసాయ శాఖ, ఆమోదించిన ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అది చేతిలో ఉంటే తిరుగు ప్రయాణం చాలా తేలిక. యూరప్‌లోనూ ఇలాంటిదే ఉంది. అక్కడ ఉండగానే టైటర్ చేయించి పెట్ పాస్‌పోర్టులో రాయించుకుంటే, తిరిగి వెళ్లేటప్పుడు మూడు నెలల నిరీక్షణ ఉండదు. ఇక్కడికి వచ్చాక గుర్తుకొస్తే లాభం లేదు.

జూరాల గేట్లు | గద్వాల | జూన్ 16, మధ్యాహ్నం 12:10

మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. మా లాబ్రడార్‌ను పంపమంటున్నాడు. ఆస్ట్రేలియాకు ఎన్ని నెలలు?

పిల్లలమర్రి నీడ | ఐండ్‌హోవెన్ | జూన్ 16, మధ్యాహ్నం 2:35

అన్నా, ఇండియా నుంచి నేరుగా ఆస్ట్రేలియాకు కుక్క గానీ పిల్లి గానీ వెళ్లదు. వాళ్లు ఆమోదించిన దేశాల్లో మనది లేదు. ముందు ఆమోదిత దేశానికి తీసుకువెళ్లి, అక్కడ 180 రోజులు ఉంచి, అక్కడి నుంచి అనుమతితో పంపాలి. దిగాక మళ్లీ క్వారంటైన్. ఆ క్వారంటైన్ కేంద్రం ఆ దేశం మొత్తానికీ ఒక్కటే, మీ అబ్బాయి ఉన్న మెల్‌బోర్న్ దగ్గరి మికిల్‌హామ్‌లో. కుక్కల రేబిస్ లేని దేశం వాళ్లది, అందుకే అంత పట్టుదల. మాకు తెలిసిన ఒకరు సింగపూర్‌లో ఉద్యోగం ఉండటం వల్ల ఆ దారిన వెళ్లారు. మామూలు ఇంటికి అయ్యే పని కాదు.

జూరాల గేట్లు | గద్వాల | జూన్ 16, మధ్యాహ్నం 2:50

అర్థమైంది. అబ్బాయినే సెలవులకు రమ్మంటాను.

కోయిలకొండ కోట | దుబాయ్ | జూన్ 16, రాత్రి 10:40

గల్ఫ్ సంగతి ఎవరూ చెప్పలేదు. యూఏఈకి జంతువును తేవాలంటే ముందు ఇక్కడి పర్యావరణ మంత్రిత్వ శాఖ నుంచి దిగుమతి అనుమతి తీసుకోవాలి. చిప్పు, టీకా, మన దేశం నుంచైతే టైటర్ కావాలి. పిట్‌బుల్ లాంటి జాతులకు అనుమతి లేదు. ఇంకో విచిత్రం: ఎమిరేట్స్ విమానాల్లో ప్రయాణికుల క్యాబిన్‌లోకి పెంపుడు పిల్లిని రానివ్వరు, కొన్ని మార్గాల్లో డేగను రానిస్తారు. ఇక్కడి షేకులకు వేట డేగలంటే అంత మోజు. నల్లగొండ అక్క మాత్రం గల్ఫ్ మీదుగా కాకుండా నేరుగా వెళ్లడమే మంచిది.

వేదిక నిర్వాహకుడు | జూన్ 17, ఉదయం 9:00

ఏజెంట్ల ఫోను నంబర్లు పెట్టిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. పేర్లు పెట్టి తిట్టిన ఒక వ్యాఖ్య కూడా తీసేశాం. చర్చ బాగా నడుస్తోంది, అలాగే సాగనివ్వండి.

గడియారం సెంటర్ | నల్లగొండ | జూన్ 21, రాత్రి 9:45

నిన్న హైదరాబాద్ తీసుకువెళ్లి చిప్పు, టీకా రెండూ వేయించాం. చిప్పు ముందు, టీకా తర్వాత. కార్డులో రెండింటి పక్కనా వేళ కూడా రాయించాను. సూది చూసి డాక్టరమ్మే భయపడింది గానీ టైగర్ కిమ్మనలేదు, బల్ల కింద దూరడానికి చోటు లేక కాబోలు.

ఇంట్లో అందరం కూర్చుని ఆలోచించాం. అక్టోబరులో నేను ఒక్కదాన్నే వెళతాను. టైగర్ అమ్మ దగ్గర ఉంటుంది. సంక్రాంతికి సెలవు పెట్టి వచ్చి నాతోపాటే తీసుకువెళతాను. అప్పుడు అయిదు రోజుల గొడవ ఉండదు కదా? జనవరి 22కు టికెట్ చూస్తున్నాం.

రిటైర్డ్ పశువైద్యుడు | వనపర్తి | జూన్ 22, ఉదయం 6:00

అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. జూలై 20 తర్వాత రక్తం తీయిస్తే జనవరికి మూడు నెలల గడువు దాటి చాలా రోజులు ఉంటుంది. టీకా వచ్చే జూన్ దాకా పనిచేస్తుంది. మొదటి నమూనాలో ఏదైనా తేడా వచ్చినా మళ్లీ తీయించడానికి వ్యవధి ఉంది.

ఇక మిగిలింది ఏక్యూసీఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్, ధ్రువీకరణ విభాగం. హైదరాబాద్‌లో శంషాబాద్ విమానాశ్రయం వైపు వాళ్ల కార్యాలయం ఉంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుని, వాళ్లిచ్చిన రోజున కుక్కను స్వయంగా తీసుకువెళ్లాలి. పాస్‌పోర్టు, టికెట్, టీకా కార్డు, టైటర్ అసలు రిపోర్టు, స్థానిక డాక్టరు ఇచ్చిన ఆరోగ్య పత్రం, కుక్క ఫోటోలు పట్టుకెళ్లండి. చిప్పు చదివి చూసి, యూరోపియన్ యూనియన్ నమూనాలో ఆరోగ్య ధ్రువపత్రం మీద సంతకం, ముద్ర వేస్తారు. ఆ పత్రం జారీ అయిన పది రోజుల లోపు మీరు యూరప్‌లో తనిఖీ దగ్గర ఉండాలి. అందుకే ముందుగా తెచ్చిపెట్టుకుందామంటే కుదరదు.

అన్ని కాగితాల్లో కుక్క వివరాలు ఒకేలా ఉండాలి. ఒకచోట మిశ్రమ జాతి, ఇంకోచోట ఇండియన్ పరియా అని రాయించవద్దు. రంగు కూడా అంతే. ఒక డాక్టరు గోధుమ రంగు అంటే ఇంకొకరు ఎరుపు అంటారు.

నార్కట్‌పల్లి బైపాస్ | జూన్ 22, ఉదయం 8:30

అక్కా, తేదీ చూసుకోండి. సంక్రాంతి మర్నాటి నుంచి విజయవాడ వైపు వెళ్లిన బండ్లన్నీ వెనక్కి వస్తాయి. పంతంగి టోల్‌గేట్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ నిలబడిపోతారు. ఏక్యూసీఎస్ వాళ్లు పది గంటలకు రమ్మంటే మీరు చౌటుప్పల్‌లోనే ఉంటారు. మాల్ ఊరు, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లి బొంగుళూరు దగ్గర ఔటర్ ఎక్కండి, శంషాబాద్‌కు అదే నయం. పాలమూరు వాళ్లకు ఈ బాధ లేదు, జడ్చర్ల, షాద్‌నగర్ దాటితే శంషాబాదే, నగరంలోకి వెళ్లే పనే ఉండదు.

పండుగకు కేంద్ర కార్యాలయాలకు ఏ రోజు సెలవో, శని ఆదివారాలు ఎప్పుడు పడ్డాయో కూడా చూసుకోండి. పది రోజుల్లో పనిదినాలు నాలుగైదే మిగలవచ్చు.

పిల్లలమర్రి నీడ | ఐండ్‌హోవెన్ | జూన్ 22, మధ్యాహ్నం 1:20

క్రేట్, అంటే విమానంలో కుక్కను ఉంచే పెట్టె, దాని పని ఇప్పుడే మొదలుపెట్టండి. పద్దెనిమిది కిలోలంటే క్యాబిన్‌లో వీలు కాదు. లుఫ్తాన్సాలో క్యాబిన్‌లోకి బుట్టతో కలిపి ఎనిమిది కిలోల వరకే. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు వాళ్లదే నేరు విమానం ఉంది. టికెట్ తీసుకున్న రోజే కుక్కకు కూడా చోటు అడగండి. ఒక్కో విమానంలో జంతువులకు చోటు పరిమితంగా ఉంటుంది, ఆఖరి వారంలో అడిగితే దొరకదు.

విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా నిబంధన ప్రకారం కుక్క లోపల నిలబడితే చెవులు పైకప్పుకు తగలకూడదు, తిరగగలగాలి, కాళ్లు చాపి పడుకోగలగాలి. ఇప్పుడే కొని తలుపు తీసి వసారాలో పెట్టండి. అన్నం అందులోనే పెట్టండి, పాత దుప్పటి వేయండి. మంచం కింద దూరే అలవాటున్న కుక్కకు క్రేట్ త్వరగానే నచ్చుతుంది చూడండి, అది కూడా చీకటి మూలే కదా. మీరు అక్టోబరులో వెళ్లిపోతారు కాబట్టి ఈ పని అమ్మగారికి అప్పగించాలి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక గ్రీన్ దారిలో బయటికి రావద్దు. ఎర్ర దారిలో కస్టమ్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి కాగితాలు చూపించాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లు | జూన్ 22, సాయంత్రం 5:05

నిద్రమాత్ర ఇచ్చి పంపితే ఏ గొడవా ఉండదు కదా డాక్టరు గారూ? మా వియ్యంకుల పగ్‌కు అలాగే ఇచ్చారట.

రిటైర్డ్ పశువైద్యుడు | వనపర్తి | జూన్ 22, సాయంత్రం 6:40

పగ్‌కా! దాని అదృష్టం బాగుంది. మత్తు ఇస్తే రక్తపోటు తగ్గుతుంది, ఊపిరి మందగిస్తుంది, క్రేట్‌లో ఒక పక్కకు పడిపోయినా లేవలేదు. పైన ఆకాశంలో చూసే దిక్కు ఉండదు. పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కు జంతువులకు అసలే శ్వాస కష్టం, వాటిని చాలా విమాన సంస్థలు తీసుకోవు. మత్తులో ఉన్న జంతువును కౌంటరు దగ్గరే వెనక్కి పంపుతారు కూడా. ప్రయాణం రోజు తేలికగా తినిపించండి, బాగా నడిపించండి. గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పెడితే ఒలికిపోకుండా మెల్లగా కరుగుతాయి.

గడియారం సెంటర్ | నల్లగొండ | జూన్ 22, రాత్రి 9:10

రైస్ మిల్లు గారూ, ఎందుకు తీసుకువెళుతున్నారని అడిగారు కదా. అమ్మ కూడా అదే అడుగుతోంది, మూడు నెలలకు పైగా తన దగ్గర ఉన్నాక ఇవ్వనంటుందేమోనని నా భయం. అప్పుడు టైగర్ ఎవరి దగ్గర ఉంటే నిమ్మళంగా ఉందో చూసి తేల్చుకుంటాం. కాగితాలు మాత్రం సిద్ధంగా ఉంచుతాను.

డాక్టరు గారూ, కార్డు ఫోటో పెడుతున్నాను. ఒకసారి చూసి అంతా సరిగ్గా ఉందో లేదో చెప్పగలరా?

రిటైర్డ్ పశువైద్యుడు | వనపర్తి | జూన్ 23, ఉదయం 6:15

చూశాను. ముందు ఆ ఫోటో ఇక్కడి నుంచి తీసేయండి, అందులో మీ చిరునామా, చిప్పు నంబరు రెండూ కనిపిస్తున్నాయి. కార్డులో స్టిక్కరు ఉంది, బ్యాచ్ నంబరు ఉంది, సంతకం, ముద్ర ఉన్నాయి. టీకా ఎప్పటివరకు పనిచేస్తుందో రాసే గడి ఖాళీగా ఉంది. రక్తం తీయించడానికి వెళ్లే లోపు అదే డాక్టరమ్మ చేత, అదే కలంతో రాయించండి.

వేదిక నిర్వాహకుడు | జూన్ 23, ఉదయం 6:40

ఫోటో తీసేశాం.